గంటకు మైలున్నర: స్పీడ్ బోటును గాలం వేగానికి దించడం

ఏప్రిల్‌లో అమెరికాలోని ఈరీ సరస్సు పడమటి కొసన నీళ్లు ఇంకా చేయి పెట్టలేనంత చల్లగా ఉంటాయి. మామీ, శాండస్కీ నదుల్లోకి, సరస్సు అడుగున ఉండే రాతి గట్ల మీదికి గుడ్లు పెట్టడానికి వచ్చిన వాలై చేపలు ఆ పని ముగించుకుని మళ్లీ మేత మీద పడే రోజులవి. కోస్తా వాళ్లకు వంజరం ఎలాగో, ఒహాయో, మిషిగన్ వాళ్లకు వాలై అలాగ. దాని కోసం టొలీడో నుంచి పోర్ట్ క్లింటన్ దాకా ఉన్న రేవుల నుంచి వందల పడవలు బయల్దేరతాయి. కదిలే పడవ వెనక నాలుగైదు గాలాలు వదిలి, ఎరను నీళ్లలో ఈడ్చుకుంటూ పోయే ఈ పద్ధతిని ట్రోలింగ్ అంటారు. వల లాగే ట్రాలర్ల పనికీ దీనికీ సంబంధం లేదు.

ఆ చల్లటి నీళ్లలో వాలై బద్ధకంగా ఉంటుంది. ఎర గంటకు మైలు, మైలున్నర వేగంతో వెళ్తేనే దాని వెంట వచ్చి నోట కరుస్తుంది. అంటే మనిషి తీరుబడిగా నడిచే వేగంలో ఇంచుమించు సగమే. పడవ వెనక మాత్రం 200, 250 హార్స్‌పవర్ ఇంజిన్ ఉంటుంది. గేరు వేసి, థ్రాటిల్‌ను అస్సలు ముట్టుకోకపోయినా అది గంటకు మూడు నాలుగు మైళ్లు లాక్కుపోతుంది. డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, షికాగో చుట్టుపక్కల స్థిరపడి, పిల్లల సరదా కోసం పడవ కొనుక్కున్న తెలుగువాళ్లు దాంతోనే చేపల వేటకు దిగితే మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. పడవను పరిగెత్తించడం ఎవరికైనా వస్తుంది. నిదానంగా నడిపించడానికే సామగ్రి కావాలి, అవగాహన కావాలి.

ఇంజిన్ ఐడిల్‌లో, అంటే థ్రాటిల్ ఇవ్వకుండా ఊరికే తిరుగుతూ, ఉన్నా పడవ ఎందుకు ఆగదో లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక మామూలు ఉదాహరణ తీసుకుందాం. ఐడిల్‌లో ఇంజిన్ 650 ఆర్‌పీఎం (నిమిషానికి 650 చుట్లు), గేరు నిష్పత్తి 1.85, ప్రొపెల్లర్ పిచ్ 19 అంగుళాలు. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే, ఏమాత్రం జారకుండా ఉంటే, ముందుకు జరగాల్సిన దూరం. ఇంజిన్ 650 చుట్లు తిరిగేసరికి ప్రొపెల్లర్ 351 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు 19 అంగుళాల చొప్పున నిమిషానికి దాదాపు 556 అడుగులు, గంటకు 6.3 మైళ్లు. నీళ్లలో జారుడు ఉంటుంది కాబట్టి అందులో మూడో వంతో, సగమో పోతుంది. మిగిలేది మూడు, నాలుగు మైళ్లు. సరిగ్గా జనం ఫిర్యాదు చేసే అంకె.

ఇంజిన్ ఆర్‌పీఎంను ఇంకా కిందికి దించితే సరిపోదా అనిపిస్తుంది. 550 కంటే తగ్గితే పెద్ద ఇంజిన్ వణకడం మొదలుపెడుతుంది, ఆగిపోతుంది కూడా. మరి 19 పిచ్ బదులు 15 పిచ్ ప్రొపెల్లర్ వేస్తే? అదే లెక్కలో 6.3 కాస్తా 5 మైళ్లకు దిగుతుంది. ఇరవై శాతం తగ్గింపు అన్నమాట. మనకు కావలసింది వేగం సగానికి, ఒక్కోసారి నాలుగో వంతుకు దిగడం. పైగా ఆ ప్రొపెల్లర్‌తో పూర్తి థ్రాటిల్ ఇస్తే ఇంజిన్ దాని హద్దు దాటి తిరుగుతుంది. కొద్దిపాటి తేడా కావలసినవాళ్లకు తప్ప ఈ దారి ఉపయోగపడదు.

అసలు విషయం శక్తి లెక్కలో ఉంది. పడవ నీటి మీద తేలుతూ నెమ్మదిగా వెళ్లేటప్పుడు నీటి నిరోధం సుమారుగా వేగం వర్గంతో పెరుగుతుంది, దానికి కావలసిన శక్తి ఘనంతో పెరుగుతుంది. దీన్నే తిరగేసి చూస్తే, నాలుగు మైళ్ల నుంచి రెండు మైళ్లకు దిగాలంటే ఎనిమిదో వంతు శక్తి చాలు. ఒక మైలుకు దిగాలంటే అరవై నాలుగో వంతు చాలు. అంత పెద్ద ఇంజిన్ అంత తక్కువ శక్తిని నిలకడగా ఇవ్వలేదు, దాన్ని తయారు చేసింది ఆ పనికి కాదు. కాబట్టి ఉన్న దారులు మూడే: ఎక్కువైన శక్తిని నీళ్లలోనే ఖర్చు పెట్టించడం, ప్రొపెల్లర్‌కు చేరే శక్తిని మధ్యలో తగ్గించడం, లేదా పెద్ద ఇంజిన్‌ను ఆపేసి చిన్నదానితో నడపడం. మార్కెట్లో దొరికే ప్రతి సరంజామా ఈ మూడింటిలో ఒకటి.

అర మైలు తేడాకు ఇంత హైరానా ఎందుకు అని అడగొచ్చు. ఎర ఆడే తీరంతా వేగం చేతిలోనే ఉంటుంది. చిన్న చేప ఆకారంలో ముందు పెదవి ఉన్న క్రాంక్‌బెయిట్ ఒక వేగం కంటే తగ్గితే కట్టెపుల్లలా వస్తుంది, ఎక్కువైతే పక్కకు తిరిగి పైకి తేలిపోతుంది. వానపాము గుచ్చి, ముందు తిరిగే రేకు పెట్టే హార్నెస్ మైలు చుట్టుపక్కల బాగా పనిచేస్తుంది. జూలైలో నీళ్లు వేడెక్కాక అదే వాలై రెండు, రెండున్నర మైళ్ల వేగంతో పోయే చెంచా ఎరల వెంట పడుతుంది. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది కాబట్టి దాని చురుకు కూడా కాలాన్ని బట్టి మారుతుంది. ఎర వెళ్లే లోతు కూడా వేగంతోనే మారుతుంది. సీసపు బరువు కట్టిన తీగ నెమ్మదైతే కిందికి దిగుతుంది, వేగమైతే పైకి లేస్తుంది. వేగం తెలియకపోతే లోతూ తెలియదు.

ఫిన్లాండ్‌కు చెందిన లౌరీ రాపాలా 1936లో బెండుతో చెక్కిన ఎర ఈ పరిశీలన నుంచే పుట్టింది. ఆయన తెడ్డు వేసుకుంటూ పడవ వెనక గాలాలు ఈడ్చే జాలరి. చిన్న చేపల గుంపులో కాస్త పక్కకు ఒరిగి ఈదే చేప మీదికే పెద్ద చేప దూకుతుందని గమనించి, ఆ ఒరిగే నడకను బెండులోకి తెచ్చాడు. అప్పటి ట్రోలింగ్ వేగం మనిషి భుజబలం ఇచ్చిన వేగం. చేతి ఓపికకు తగ్గట్టు అది సహజంగానే మైలు, రెండు మైళ్ల మధ్య ఉండేది. ఇంజిన్ వచ్చాక ఆ సహజమైన హద్దు పోయింది.

మోటారు వాళ్లు చేసే మొదటి ప్రయత్నం గేరు వేయడం, తీయడం. పది సెకన్లు గేరులో, పది సెకన్లు న్యూట్రల్‌లో. సగటు వేగం తగ్గుతుంది, నిజమే. ఎర మాత్రం పరిగెడుతుంది, మునుగుతుంది, మళ్లీ పరిగెడుతుంది. ఆ కుదుపుకు రెచ్చి ఒక్కోసారి చేప కరుస్తుంది కూడా. కానీ రోజంతా వందల సార్లు గేరు మార్చడం గేరుబాక్సులోని పళ్లకు మంచిది కాదు, నడిపేవాడికీ విసుగే. కొత్త ఇంజిన్లలో ఉండే ట్రోలింగ్ బటన్ గురించి కూడా ఒక అపోహ ఉంది. యమహా ఇంజిన్లలో దీన్ని నొక్కితే ఆర్‌పీఎం 50 చొప్పున మారుతుంది, మెర్క్యురీలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. ఇవి ఐడిల్ నుంచి పైకి, దాదాపు 1000 దాకా, సన్నగా సర్దుకోవడానికి ఉన్నవి. ఐడిల్ కంటే చెప్పుకోదగ్గంత కిందికి ఇవి తీసుకెళ్లవు. రెండున్నర మైళ్లకు పైన పోయే సాల్మన్ వేటలో చాలా పనికొస్తాయి. ఏప్రిల్ వాలైకి ఒక్క ఈ బటన్ చాలదు.

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న దారి ట్రోలింగ్ సంచి. గట్టి గుడ్డతో గరాటు ఆకారంలో కుట్టిన సంచి ఇది. పెద్ద నోరు ముందు, చిన్న కంత వెనక. పడవకు అటొకటి, ఇటొకటి కట్టి నీళ్లలో వదిలితే నీళ్లు నిండి, పడవను వెనక్కి పట్టి ఉంచుతాయి. నోరు 30 అంగుళాల వెడల్పున్న సంచి రెండు మైళ్ల వేగంలో, లెక్క ప్రకారం, 20 కిలోలకు పైగా వెనక్కి లాగుతుంది. నాలుగు మైళ్ల దగ్గర ఆ లాగుడు నాలుగింతలవుతుంది. ఈ గుణమే సంచి గొప్పతనం. అల వెనక నుంచి నెట్టి పడవ ముందుకు దూకబోయినప్పుడు సంచి లాగుడు దానంతటదే పెరుగుతుంది, పడవ నెమ్మదించగానే తగ్గుతుంది. వేగం తగ్గించడంతో పాటు నిలకడ కూడా ఇస్తుంది. గాలి ఉన్న రోజు పడవ ముందు భాగం పక్కకు కొట్టుకుపోకుండా ఆపేది కూడా ఇదే. చిన్న ఇంజిన్ ఉన్నవాళ్లు కూడా సంచులు దగ్గర ఉంచుకోవడానికి కారణం ఇదే.

సంచిని ఎక్కడ కట్టాలన్నది ప్రాణాల మీదికి వచ్చే విషయం. పడవ ముందు భాగంలోని క్లీట్‌కే, అంటే తాడు కట్టే కొక్కేనికే, కట్టాలి. తాడు పొడవు ఎంత ఉండాలంటే, సంచి పూర్తిగా వెనక్కి జారినా ప్రొపెల్లర్‌కు అందకూడదు. రేవులో పడవ కట్టి ఉన్నప్పుడే తాడు పరిచి, కొలిచి, అక్కడ ముడి వేసుకోవాలి. పడవ వెనక భాగానికి కడితే రెండు ముప్పులు: తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకోవడం, వెనక వైపు కిందికి లాగినప్పుడు అల నేరుగా పడవలోకి రావడం. సంచి తోకకు రెండో తాడు ఒకటి ఉండాలి. నీళ్లు నిండిన సంచిని నోటి వైపు నుంచి పైకి లాగడం అంటే వంద లీటర్ల పైచిలుకు నీళ్లను ఎత్తడమే. తోక తాడు లాగితే సంచి తిరగబడి, నీళ్లన్నీ పోయి, తడిగుడ్డలా ఒక్క చేతికి వచ్చేస్తుంది. సంచులు కొనలేనివాళ్లు ఐదు గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్లకు కంతలు పెట్టి వాడతారు. పనిచేస్తుంది, కాకపోతే బకెట్ కడ్డీ ఊడొస్తుంది. తాడును కడ్డీకి కాకుండా అంచుకు గట్టి కంతలు చేసి కట్టాలి.

ట్రోలింగ్ ప్లేటు ఇంకో దారి. ఔట్‌బోర్డు ఇంజిన్ (పడవ వెనక బయట బిగించేది) ప్రొపెల్లర్ పైన ఉండే పలక లాంటి భాగానికి దీన్ని బిగిస్తారు. కిందికి దించితే ప్రొపెల్లర్ వెనక అడ్డంగా నిలబడి నీటి ధారను చెదరగొడుతుంది, వేగం సగం దాకా పడిపోతుంది. చవక, చిన్నది, తాళ్ల గొడవ లేదు. దాని లోపం మనిషి మతిమరుపుతో ముడిపడింది. చేప పడక విసుగెత్తి, ఇంకో చోటికి పోదామని థ్రాటిల్ నెట్టేస్తారు, ప్లేటు ఎత్తడం మరచిపోతారు. ప్లేటు వంగుతుంది, లేదా బోల్టులతో సహా ఊడిపోతుంది. స్ప్రింగు ఉన్న ప్లేట్లు ఒత్తిడి పెరిగితే వాటంతటవే పైకి లేస్తాయి, కాబట్టి కొనేవాళ్లు వాటినే కొనడం మేలు. ధార చెదిరితే స్టీరింగ్ కూడా మందగిస్తుంది. గాలి ఉన్న రోజు ఆ ఇబ్బంది బాగా తెలుస్తుంది.

పెద్ద సరస్సు మీద తరచూ వేటాడేవాళ్లకు చివరికి తేలే సమాధానం కిక్కర్. పెద్ద ఇంజిన్ పక్కన బిగించే 9.9 లేదా 15 హార్స్‌పవర్ చిన్న ఇంజిన్ అది. కాకినాడ, విశాఖ తీరాల్లో ఫైబర్ తెప్పను అలల మీదుగా సముద్రంలోకి తీసుకెళ్లేది కూడా దాదాపు ఇంతే బలమున్న 9, 10 హార్స్‌పవర్ ఇంజిన్. ఒక కుటుంబం తిండి దాని మీదే నడుస్తుంది. అక్కడ అదే ప్రధాన ఇంజిన్, ఈరీ మీద అది నెమ్మదిగా నడవడానికి పెట్టుకున్న రెండో ఇంజిన్. కిక్కర్‌గా కొనేటప్పుడు హై థ్రస్ట్ రకం చూసుకోవాలి. వాటి గేరు నిష్పత్తి రెండున్నర, మూడు దగ్గర ఉంటుంది, ప్రొపెల్లర్ పిచ్ తక్కువ, రేకులు వెడల్పు. పైన వేసిన లెక్కే మళ్లీ వేద్దాం: 900 ఆర్‌పీఎం, నిష్పత్తి 2.9, పిచ్ 9 అంగుళాలైతే జారుడు లేకుండా వచ్చేది గంటకు 2.6 మైళ్లు. జారుడు తీసేస్తే మైలున్నర చుట్టుపక్కలకు వస్తుంది. కావలసింది అదే. పైకి వెళ్లాలంటే థ్రాటిల్ బోలెడంత మిగిలి ఉంటుంది. ఇంజిన్ ఐడిల్‌లో వణకకుండా, హాయిగా తిరిగే ఆర్‌పీఎంలో రోజంతా పనిచేస్తుంది. పెట్రోలు చాలా తక్కువ తాగుతుంది. పెద్ద ఇంజిన్ నడి సరస్సులో మొండికేస్తే ఒడ్డుకు చేర్చేది కూడా ఇదే.

కిక్కర్‌తో చిక్కులు లేకపోలేదు. యాభై కిలోల బరువు పడవ వెనక ఒక పక్కకు చేరుతుంది, బ్యాటరీలనో సామానునో రెండో పక్కకు జరపాలి. అలలకు పడవ వెనక భాగం లేచినప్పుడు ప్రొపెల్లర్ గాలిలో తిరగకూడదంటే పొడవు షాఫ్టు తీసుకోవాలి. రెండు ఇంజిన్లనూ ఒక కడ్డీతో కలిపితే ముందున్న స్టీరింగ్‌తోనే కిక్కర్ కూడా తిరుగుతుంది. ట్రోలింగ్ చేసేటప్పుడు పెద్ద ఇంజిన్‌ను ఆపినా నీళ్లలోంచి పైకి ఎత్తకపోవడం మంచిది. చుక్కానిలా పడవను తిన్నగా ఉంచుతుంది, ఆ నిరోధం వల్ల వేగమూ కాస్త తగ్గుతుంది.

కరెంటు ట్రోలింగ్ మోటారు చరిత్ర 1934 నాటిది. నార్త్ డకోటాలోని ఫార్గోలో ఓ.జి. ష్మిట్ పాత ఫోర్డ్ కారు స్టార్టర్ మోటారుకు ప్రొపెల్లర్ తగిలించాడు, అదే మిన్ కోటా కంపెనీ అయింది. ఇప్పటి మోటార్లు జీపీఎస్ చూసుకుని, చెప్పిన వేగాన్ని దాదాపు అలాగే నిలబెడతాయి, గీసిన గీత మీదే వెళ్తాయి. మైలు లోపు వేగానికి వీటిని మించింది లేదు. బ్యాటరీయే హద్దు. ఎదురుగాలిలో బరువైన పడవను రెండు మైళ్లతో లాగితే బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది. కిక్కర్‌తో తోసుకుంటూ, ముందున్న కరెంటు మోటారును స్టీరింగ్‌కు మాత్రమే వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండూ కొనగలిగితే అంతకంటే మంచి జోడీ లేదు.

లోపల ఇంజిన్ ఉండే పెద్ద ఛార్టర్ (అద్దెకు తిప్పే) పడవల సంగతి వేరు. వాటి గేరుబాక్సులో క్లచ్ పలకలను నూనె ఒత్తిడి గట్టిగా పట్టి ఉంచుతుంది. ట్రోలింగ్ వాల్వ్ ఆ ఒత్తిడిని తగ్గించి, పలకలు కావాలనే జారేలా చేస్తుంది. ప్రొపెల్లర్ ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా తిరుగుతుంది. ఆ జారుడు వేడిగా మారి నూనెలోకి చేరుతుంది కాబట్టి తయారీదారు చెప్పిన ఆర్‌పీఎం దాటకూడదు, వాల్వ్ మూయకుండా థ్రాటిల్ ఇవ్వకూడదు.

ఇంతా చేసి జీపీఎస్ మీద మైలున్నర కనిపిస్తే పని అయిపోయినట్టేనా? ఈరీ పడమటి భాగం లోతు సగటున పాతిక అడుగులకు కాస్త తక్కువ. అక్కడ చాలా రోజులు ఆ అంకెను నమ్మొచ్చు. మిషిగన్, ఒంటారియో సరస్సుల్లో నమ్మకూడదు. 1966లో కోహో, 1967లో చినూక్ సాల్మన్లను మిషిగన్ రాష్ట్రం తెచ్చి వదిలినప్పటి నుంచి మిషిగన్ సరస్సులో వేట వంద అడుగుల లోతుకు దిగింది. డౌన్‌రిగ్గర్ అనే చక్రానికి ఉక్కు తీగ, దాని చివర పది పన్నెండు పౌండ్ల బరువు గుండు, ఆ గుండు దగ్గర ఎర. పైన నీళ్లు ఒక వైపు, కింద నీళ్లు ఇంకో వైపు పారుతుంటాయి. పైన 2.4 మైళ్లు చూపిస్తున్నప్పుడు కింద ఎర 1.6 తోనే వెళ్తుండొచ్చు. పడవను తిప్పి వెనక్కి వస్తే అదే ఎర మూడు దాటుతుంది. పొద్దుటంతా ఉత్తరం వైపు వెళ్తుంటే పడ్డ చేప దక్షిణానికి తిరగగానే మానేసిందంటే మొదట అనుమానించాల్సింది ఈ ప్రవాహాన్నే. ఫిష్ హాక్ లాంటి పరికరాలు గుండు దగ్గర సెన్సర్ పెట్టి, ఆ లోతులో ఉన్న వేగాన్నీ నీటి వేడినీ పైకి పంపేది ఇందుకే. పరికరం లేనివాళ్లు తీగ వాలును చూడాలి. రెండు వైపులా తీగ ఒకే వాలులో ఉండేలా వేగం సర్దుకుంటే లోతులో వేగం దాదాపు సమానంగా ఉన్నట్టే.

సరైన వేగం ఏదో చేపనే అడిగే పద్ధతి కూడా ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. తిన్నగా కాకుండా మెలికలు తిరుగుతూ వెళ్లాలి. మలుపులో బయటి వైపు ఎరలు వేగంగా, లోపలి వైపు ఎరలు నెమ్మదిగా వెళ్తాయి. బయటి గాలాలకు చేప పడితే వేగం పెంచాలి, లోపలి వాటికి పడితే తగ్గించాలి. ఏ మోటారు కొన్నా, కొనకపోయినా దీన్ని అలవాటు చేసుకోవాలి.

పెద్ద ఇంజిన్‌తోనే ట్రోలింగ్ చేసేవాళ్లు ఇంజిన్ ఆరోగ్యం కూడా చూసుకోవాలి. చల్లటి నీళ్లలో గంటల తరబడి ఐడిల్‌లో తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, మండని పెట్రోలు నూనెలోకి దిగుతుంది. నూనె కొలిచే కడ్డీ మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరిగితే, పెట్రోలు వాసన వస్తే, నూనె మార్చాల్సిందే. పాత టూ స్ట్రోక్‌లలో ప్లగ్గులు మసి పడతాయి. ఇంటికి వచ్చేటప్పుడు కాసేపు మంచి వేగంతో నడిపితే రెండింటికీ మంచిది.

అలా వేగం పెంచే ముందే ఒక వరస పాటించాలి: గాలాలు లోపలికి, సంచులు పైకి, ప్లేటు లేపి, వాల్వ్ మూసి, ఆ తర్వాతే థ్రాటిల్. ఇరవై మైళ్ల వేగంలో సంచి నీళ్లలోనే ఉండిపోతే దాని లాగుడు రెండు మైళ్ల దగ్గర ఉన్నదానికి వంద రెట్లు, అంటే లెక్కకు రెండు టన్నులు. అంతదాకా రాకముందే తాడో, క్లీటో తెగి మనిషి మీదికి ఎగిరొస్తుంది.

అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు మోటారు పడవ నడిపేవాళ్లు ఇంజిన్ ఆపే తాడును ఒంటికి తగిలించుకోవాలి. ట్రోలింగ్ లాంటి నెమ్మది పనులప్పుడు ఆ నియమం వర్తించదు. ఈ మినహాయింపును వాడుకోకపోవడమే మంచిది, ముఖ్యంగా ఒంటరిగా వెళ్లేవాళ్లు. గంటకు మైలున్నర వేగంతో పోయే పడవ నిమిషంలో 40 మీటర్లు వెళ్లిపోతుంది. ఏప్రిల్ నీళ్లలో, మందపాటి బట్టలతో పడ్డ మనిషి దాన్ని ఈది అందుకోలేడు. స్టీరింగ్ దగ్గరున్న తాడు పెద్ద ఇంజిన్‌దే. మామూలుగా కిక్కర్‌కు దాని తాడు దానికి వేరుగా ఉంటుంది. కిక్కర్ మీద నడుస్తున్నప్పుడు పెద్ద ఇంజిన్ తాడు తగిలించుకుంటే ఏమీ ఆగదు. నడుస్తున్నది ఏ ఇంజినో దాని తాడే తగిలించుకోవాలి, లైఫ్ జాకెట్ తీయకూడదు.